బరువు కాదు... దూరం!

సంచీ బోర్లించగానే వసారా అంతా గలగలా చప్పుడు. ఎరుపు, పసుపు, నీలం, బూడిద రంగు... నాలుగైదు వందల ప్లాస్టిక్ ఇటుకలు గచ్చు మీద చెల్లాచెదురుగా పడ్డాయి. వంటింట్లోంచి అమ్మమ్మ తొంగిచూసి, ‘కాళ్లకి గుచ్చుకుంటాయిరా నాయనా, చాప మీద పోసుకో’ అంది. పదేళ్ల మనవడు వినిపించుకోలేదు. ముక్కల మధ్య దేనికోసమో వెతుకుతున్నాడు. వెతికి వెతికి చివరికి దిగాలుగా కూలబడ్డాడు.

‘బుక్ రాలేదమ్మా! హైదరాబాద్‌లోనే ఉండిపోయింది!’

బుక్ అంటే కథల పుస్తకం కాదు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క పెట్టాలో బొమ్మలతో చూపించే చిన్న పుస్తకం. అది ఉంటే పేజీ తర్వాత పేజీ తిప్పుతూ పోవచ్చు, ఆఖరి పేజీకి రోబో తయారైపోతుంది. అది లేకపోతే ఇవన్నీ ఉత్త ముక్కలే.

వసారా చివర పడక్కుర్చీలో తాతయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది. ఈమధ్య అది ఎప్పుడూ తువ్వాలు కిందే ఉంటోంది.

‘ఆ బుక్కు రాసినోడికి ఎవరు చెప్పారురా?’ అన్నాడు కళ్లు తెరవకుండానే.

మనవడి దగ్గర జవాబు లేదు. ఆ వేసవి సెలవుల్లో గోవాడలోని ఆ ఇంట్లో రోబో పని అలా మొదలైంది.

మిల్లు ఫిట్టరు

2022లో జిల్లాలు విడిపోయాక గోవాడ అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది కానీ, తాతయ్య నోట మాత్రం ఇంకా ‘మన విశాఖ జిల్లా’ అనే వస్తుంది. చోడవరం మండలంలోని ఈ ఊరి పేరు చెప్పగానే ఆ చుట్టుపక్కల ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సహకార చక్కెర కర్మాగారం. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో గానుగాట మొదలైతే చాలు, రోడ్డు పొడవునా చెరుకు బళ్లు బారులు తీరేవి. ఊరంతా మొలాసిస్ వాసన. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే, ఊళ్లోవాళ్లకి అది అన్నం వాసన.

ఆ మిల్లులో తాతయ్య ముప్ఫై మూడేళ్లు ఫిట్టరు. గానుగాట సాగినన్నాళ్లూ ఆయనకి పగలూ రాత్రీ తేడా ఉండేది కాదు. గానుగాట ఆగిపోయాక అసలు పని మొదలయ్యేది. చెరుకు నలిపే మిల్లుకి మీద ఒకటి, కింద రెండు... మొత్తం మూడు రోలర్లు. వాటిని ఊడదీసి, బేరింగులు చూసి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. రోలర్ల మధ్య సందు కాస్త ఎక్కువైతే రసం పిప్పిలోనే ఉండిపోతుంది. మరీ తక్కువైతే మిల్లు మొరాయిస్తుంది. ఆ సందు సరిచూడటంలో తాతయ్య చేతికి పేరుంది. గేజి పెట్టకముందే వేలితో తడిమి ‘ఇంకో వెంట్రుక వాసి ఉంది’ అనేవాడట.

ఆ చెయ్యే ఇప్పుడు తువ్వాలు కింద ఉంది.

సంక్రాంతి వెళ్లిన వారంలో వచ్చింది పక్షవాతం. మాట నెలలో తిరిగొచ్చింది. కర్ర సాయంతో నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. వేళ్లు ముడుచుకుంటాయి, తెరుచుకుంటాయి. అన్నం కలపగలడు. ముద్ద చెయ్యగలడు. దాన్ని నోటిదాకా తీసుకెళ్లబోతే సగం దారిలో భుజం జారిపోతుంది. ముద్ద చొక్కా మీదో, నేల మీదో పడుతుంది. చెంచా ఇచ్చారు. చెంచా అయినా నోటిదాకా వెళ్లాలి కదా! ఎడంచేత్తో తినమంటే ‘చస్తే తినను’ అన్నాడు. ఆ తరం మనిషికి అది చిన్న మాట కాదు.

అందుకని రోజూ అందరి భోజనాలూ అయ్యాక, అమ్మమ్మ గదిలోకి కంచం పట్టుకెళ్లి తలుపు దగ్గరగా వేసేది. లోపల ఆమె ముద్దలు పెడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. జూన్ మొదట్లో అనకాపల్లిలో మేనకోడలి కూతురి పెళ్లి. ‘మీరెళ్లి చదివించి వచ్చెయ్యండి. నేను రాను’ అని అప్పుడే చెప్పేశాడు. ఎందుకు రాడో ఎవరూ అడగలేదు. పెళ్లంటే పంక్తి భోజనం ఉంటుంది కదా!

కొలతలో కిటుకు

మర్నాడు పొద్దున్నే తాతయ్య మంచం కింద ఉన్న ఇనప్పెట్టె బయటికి లాగమన్నాడు. పానాలు, ఆకురాయి, ఫీలర్ గేజి... అన్నిటి అడుగున పాత గుడ్డలో చుట్టిన వెర్నియర్ కాలిపర్స్.

‘ముందు నీ ముక్కలు కొలు. సరుకేటో తెలీకుండా పనెలా సేస్తావు?’

చెయ్యి వణుకుతుందని ఆయన పట్టుకోలేదు. మనవడి చేత పట్టించి, గీతలు చదవడం నేర్పాడు. అరగంటలో పిల్లాడికి పట్టు దొరికింది. ఇటుక మీదుండే రెండు బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. బొడిపె వదిలేస్తే ఇటుక ఎత్తు 9.6. పల్చటి పలక ఎత్తు 3.2. అంటే మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. నాలుగు బొడిపెల పొడవున్న ఇటుక కొలిస్తే 31.8 వచ్చింది.

‘నాలుగెనిమిదులు ముప్ఫై రెండు కదా తాతయ్యా! తప్పు కొలిచానా?’

‘తప్పు కాదు. ఆ కాస్తా వదిలింది క్లియరెన్సు. పక్కపక్కన రెండు పెడితే ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా’ అన్నాడు తాతయ్య. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త ఉత్సాహం వినబడింది. ‘ఎవడో గాని మంచి పనోడు’ అన్నాడు మళ్లీ తనలో తనే.

ఆ మంచి పనోడు నిజానికి ఓ వడ్రంగి. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే పల్లెటూరు. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి, ఆర్థికమాంద్యంలో ఇళ్ల పనులు దొరక్క 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. డేనిష్ భాషలో ‘బాగా ఆడుకో’ అనే అర్థం వచ్చే రెండు మాటలు కలిపి 1934లో ‘లెగో’ అని పేరు పెట్టాడు. ఆయన కొడుకు ఓసారి చెక్కబాతులకి మూడుసార్లు వెయ్యాల్సిన వార్నిష్ రెండుసార్లే వేసి, డబ్బు మిగిల్చానని సంబరంగా చెప్పాడట. తండ్రి మెచ్చుకోలేదు. పంపించిన బాతుల్ని స్టేషన్ నుంచి వెనక్కి తెప్పించి, మూడో పూత కూడా వేయించాడని చెబుతారు.

ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. అప్పట్లో అవి లోపల డొల్లగా ఉండేవి, పట్టు తక్కువ. 1958 జనవరిలో, ఇటుక అడుగున బోలు గొట్టాలు పెట్టే పద్ధతికి పేటెంట్ దాఖలు చేశారు. పైనున్న బొడిపె కింది గొట్టానికీ గోడకీ మధ్య బిగిసి కూర్చుంటుంది. జిగురక్కర్లేదు, మేకు అక్కర్లేదు. పిల్లలు లాగితే ఊడొస్తుంది, లాగకపోతే ఊడదు. అప్పటి ఇటుక మీద ఇవాళ కొన్న ఇటుక పెట్టినా బిగుసుకుంటుంది. ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి, ఇప్పుడు చాలా కంపెనీలు అదే కొలతతో చేస్తున్నాయి. మనవడి సంచీలో అసలువీ ఉన్నాయి, బజార్లో తక్కువ ధరకి కొన్నవీ ఉన్నాయి. అన్నీ కలిశాయి. కాకపోతే కొన్ని మరీ బిగువు, కొన్ని మరీ వదులు.

పిల్లాడు బొడిపెలు చూపిస్తూ ఇదంతా చెబుతుంటే, తాతయ్య అమ్మమ్మని పిలిచి దేవుడి దగ్గరి కుంకుమ భరిణె తెమ్మన్నాడు. ఏటికొప్పాక భరిణె. అదే జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊళ్లో అంకుడు కర్రని తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటికి సహజ రంగులు మళ్లీ అలవాటు చేసిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

‘మూత తియ్యి’ అన్నాడు తాతయ్య. టప్‌మని చిన్న చప్పుడుతో వచ్చింది. ‘మళ్లీ పెట్టు.’ అంతే చప్పుడుతో కూర్చుంది. ‘దీనికి మాత్రం మరలున్నాయేటి? కొలతరా. పనితనమంతా కొలతలోనే ఉంది.’

దారం ఎక్కడ పడింది?

‘ఇంతకీ రోబో అంటే ఏటి?’ అని అడిగాడు తాతయ్య.

‘మనం చెప్పిన పని చేసేది’ అన్నాడు మనవడు.

తాతయ్య ఓసారి తువ్వాలు వైపు చూసుకున్నాడు.

పిల్లాడి జవాబు అంత తప్పేం కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతోనే ఈ మాట లోకానికి తెలిసింది. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే వెట్టిచాకిరీ. చెప్పిన పని కాదనకుండా చేసే మరమనిషికి ఆ పేరే స్థిరపడింది.

మనవడి ఊహలో ఉన్న రోబో జానెడెత్తు. ఎర్రటి ఛాతీ, బూడిదరంగు కాళ్లు, నెత్తి మీద పసుపు దీపం, కుడిచేతిలో పెద్ద సుత్తి. పుస్తకం లేదు కాబట్టి ముందు కాగితం మీద గీశాడు. తాతయ్య బొమ్మని తిరగేసి చూసి, ‘పాదాలు ఇంత సిన్నవైతే నిలబడదు’ అన్నాడు. పిల్లాడు నమ్మలేదు. కట్టాడు. నిలబెట్టగానే వెల్లకిలా పడింది. ఛాతీ ఓ పక్క, తల మంచం కిందా దొర్లాయి.

అప్పుడు తాతయ్య ఓ దారానికి నట్టు కట్టించాడు. తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు వేలాడదీసే తూకం గుండులాంటిదే. ‘దాని నడుం దగ్గర పట్టుకో. నట్టు ఎక్కడ పడింది?’ మడమ వెనక పడింది. రోబో వీపుకి పిల్లాడు తగిలించిన పెద్ద ఇంజను బరువు మొత్తం మనిషిని వెనక్కి లాగేస్తోంది. ఇంజను సగం కోశారు. పాదాలు రెండు బొడిపెలు ముందుకి, ఒకటి వెనక్కి పెంచారు. ఈసారి నట్టు రెండు పాదాల మధ్య పడింది. నిలబడింది!

ఛాతీ దగ్గర ఇంకో చిక్కు. దీపాలు ముందుకి చూడాలంటే ఇటుకల్ని పక్కకి తిప్పి పెట్టాలి. తిప్పితే సందులు వస్తున్నాయి. మనవడు మళ్లీ వెర్నియర్ తీశాడు. అయిదు పలకలు పేర్చి కొలిస్తే సరిగ్గా 16. రెండు బొడిపెల వెడల్పూ 16! అంటే నిలువుగా అయిదు పలకల ఎత్తు వదిలితే, అడ్డంగా తిప్పిన రెండు బొడిపెల ముక్క అందులో కచ్చితంగా కూర్చుంటుంది. ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టినందుకు పిల్లాడు వసారా అంతా గెంతాడు.

నిజానికి పుస్తకం చూపించేది ఒకే ఒక్క దారి. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే, వాటిని కలిపి ఎన్ని రకాలుగా బిగించవచ్చో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం గణిత ఆచార్యుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కకట్టించాడు. 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలు! ఆరు ముక్కలకే అన్ని దారులుంటే, సంచీడు ముక్కలకి ఎన్నుంటాయి?

ఈ సందడిలో ఇంకో సంగతి ఎవరూ అంతగా గమనించలేదు. ముక్కలు రంగుల వారీగా స్టీలు గిన్నెల్లో వేరుచేసే పని తాతయ్య తీసుకున్నాడు. తువ్వాలు భుజం మీదికి వెళ్లింది. కుడిచెయ్యి చాప మీదికి వచ్చింది. మొదటిరోజు పది ముక్కలు ఏరేసరికి అలసిపోయాడు. నాలుగోరోజుకి ఎర్రవన్నీ ఆయనే ఏరాడు.

నోరు జారిన మాట

చేతుల దగ్గర వచ్చింది అసలు తంటా.

భుజానికి చిన్న గుండు, అది కూర్చునే గిన్నె. మన భుజంలో ఉన్నదీ ఇలాంటిదే. బడి పుస్తకాల్లో బంతి గిన్నె కీలు అంటారు. చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. పిల్లాడి దగ్గర అలాంటి కీళ్లు రెండే ఉన్నాయి. ఎడంవైపుది గట్టిగా ఉంది. కుడివైపుది చాలాసార్లు వాడటంతో వదులైపోయింది. సుత్తి పట్టిన చెయ్యి పైకెత్తి వదిలితే, ఒక్క క్షణం ఆగి, మెల్లగా కిందికి జారిపోతోంది.

మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ జారింది. పిల్లాడికి విసుగొచ్చింది.

‘ఛ! దీని చెయ్యి కూడా తాతయ్య చెయ్యిలాగే అయిపోయింది!’

వసారాలో ఒక్కసారిగా నిశ్శబ్దం. బియ్యం ఏరుతున్న అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. పిల్లాడి తల్లి గబుక్కున లేచి, ‘ఏం మాటలవి? తాతయ్యకి సారీ చెప్పు’ అని వీపు మీద ఒక్కటి వేసింది. పిల్లాడికి తనేమన్నాడో అప్పుడు అర్థమైంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తాతయ్య ఏమీ అనలేదు. తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్లో వేసుకున్నాడు. చెయ్యి దాని కిందికి వెళ్లిపోయింది.

ఆ పూట రోబో పని సాగలేదు. మధ్యాహ్నం గది తలుపు ఎప్పటికన్నా గట్టిగా పడింది.

సాయంత్రం మనవడు ఓ మూల కూర్చుని ముక్కలు సంచీలో ఎత్తేస్తుంటే, తాతయ్యే పిలిచాడు. ‘నిజవే కదురా నువ్వన్నది. నిజం చెప్పినోణ్ని కొడతారేటి?’ అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, ‘ఆ పైపుల టేపు తే’ అన్నాడు. కుళాయి బిగించేటప్పుడు మరకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు. మిల్లులో బేరింగు వదులైతే పల్చటి రేకు పెట్టి సరిచేసినట్టు, గుండుకి ఒక్క చుట్టు చుట్టి గిన్నెలో నొక్కారు. చెయ్యి నిలబడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి టేపు నలిగి పక్కకి జరిగింది. చెయ్యి మళ్లీ జారింది.

పానాకి పైపు

ఆ రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాప వేసుకుని పడుకున్నారు. మనవడికి నిద్ర పట్టేసిందనుకుంటుండగా తాతయ్య గొంతు వినిపించింది.

‘ఒరే, మిల్లులో నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఏటి చేసేవాళ్లమో తెలుసా? పానాకి పైపు తొడిగేవాళ్లం. పిడి బారు పెరిగితే, అదే మనిషి, అదే బలం... నట్టు తిరిగిపోయేది.’

‘ఊఁ.’

‘నీ రోబో చెయ్యి బారెంత?’

‘పది బొడిపెలు. చివర సుత్తి.’

‘అదే! నువ్వు ఆ కీలుకి పైపు తొడిగేశావురా! సుత్తి బరువు అంతే ఉన్నా, బారు ఎక్కువయ్యేసరికి అది కీలుని తిప్పేస్తంది. కీలుని తిట్టి లాభం లేదు. బరువు కాదు... దూరం. దూరం తగ్గించు.’

తెల్లారగానే పిల్లాడు పని మొదలెట్టాడు. సూత్రం చాలా చిన్నది. కీలు మీద పడే భారం అంటే బరువుని దూరంతో గుణించగా వచ్చేది. సుత్తి పది బొడిపెల దూరంలో ఉంటే ఎంతో, అయిదు బొడిపెల దూరానికి తెస్తే సుత్తి వల్ల పడే భారం అందులో సగమే. నిండు బిందెని చెయ్యి చాపి పట్టుకోవడం ఎవరి తరం? అదే బిందె నడుం మీద పెట్టుకుంటే ఆడవాళ్లు అవలీలగా మోసుకొచ్చేస్తారు.

చెయ్యి మొత్తం విప్పేశాడు. మధ్యలో మోచేతి కీలు పెట్టాడు. మోచెయ్యి మడిచి, సుత్తిని ఛాతీ దగ్గరికి తెచ్చాడు. అంతటితో ఆగలేదు. రోబో నడుం పక్కన చిన్న పలక ఒకటి బయటికి పెట్టి, మోచెయ్యి దాని మీద ఆనేలా చేశాడు. ఇప్పుడు బరువులో చాలామటుకు పలక మోస్తోంది, భుజానికి మిగిలింది కాస్తే.

చెయ్యి వదిలాడు. పది లెక్కపెట్టాడు. వంద లెక్కపెట్టాడు. కదల్లేదు!

‘అమ్మమ్మా! నిలబడింది! అదే వదులు కీలు... అయినా నిలబడింది!’

అమ్మమ్మ పరుగున వచ్చింది. తాతయ్య మాత్రం మాట్లాడలేదు. రోబో మోచెయ్యి కింద ఉన్న ఆ చిన్న పలక వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

పీట మీద కంచం

మధ్యాహ్నం అమ్మమ్మ అలవాటుగా కంచం పట్టుకుని గదివైపు వెళ్తుంటే తాతయ్య ఆపాడు.

‘ఇక్కడికే తే. బల్ల మీద పీట వెయ్యి. పీట మీద కంచం.’

ఆమెకి అర్థం కాలేదు. అయినా వేసింది. కంచం దాదాపు ఆయన ఛాతీ ఎత్తుకి వచ్చింది. కుర్చీ బల్లకి ఆనేంతగా ముందుకి లాగించుకున్నాడు. కుడిమోచెయ్యి బల్ల మీద ఆనించాడు. కంచానికీ నోటికీ మధ్య ఇంతకుముందు మూరెడు దూరం. ఇప్పుడు జానెడు.

ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పినావిడ ఈ మాట ఎప్పుడో చెప్పింది. మోచెయ్యి ఆనించుకోమంది, కంచం దగ్గరగా ఎత్తుగా పెట్టుకోమంది, ఎంత కష్టమైనా ఆ చేత్తోనే రోజూ చిన్నచిన్న పనులు చెయ్యమంది. దెబ్బతిన్న మెదడు, మళ్లీ మళ్లీ చేసే పనితోనే కొత్త దారులు వెతుక్కుంటుందని కూడా చెప్పింది. అప్పుడు తాతయ్య చెవికెక్కలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతోందని కోపం తెచ్చుకున్నాడు. ముప్ఫై మూడేళ్ల ఫిట్టరుకి ఎవరో వచ్చి చెయ్యి ఎలా ఎత్తాలో చెప్పడమేమిటి? ఇవాళ మాత్రం ఆ మాట ఫిట్టరు భాషలో అర్థమైంది.

పప్పు, అన్నం, మాగాయ. ముద్ద కలిపాడు. చెయ్యి లేచింది. వణికింది. తలని కాస్త ముందుకి వంచాడు. ముద్ద నోట్లోకి వెళ్లింది.

ఎవరూ మాట్లాడలేదు. చప్పట్లు కొట్టబోయిన మనవణ్ని తల్లి కళ్లతోనే ఆపింది. రెండో ముద్ద. మూడోది. ఎనిమిదోది సగం దారిలో జారి బల్ల మీద పడింది. అమ్మమ్మ చెయ్యి తనకి తెలియకుండానే ముందుకి వెళ్లింది. ‘ఉండు’ అన్నాడు తాతయ్య. కాసేపు చెయ్యి దించి, మళ్లీ కలిపాడు. మిగతాదంతా తినడానికి దాదాపు గంట పట్టింది. చివర్లో మజ్జిగన్నం అమ్మమ్మే పెట్టింది. గదిలో కాదు, అందరి మధ్యా, వసారాలో.

ఏ రోబో వల్లా పక్షవాతం తగ్గదు. వ్యాయామం మానితే ఆ చెయ్యి మళ్లీ వెనక్కే వెళ్తుంది. తాతయ్య భుజం ఆ రోజుకీ వదులు కీలే. మారిందల్లా, దాన్ని తిట్టుకోవడం మానేసి దానికి తగ్గట్టు మిగతావి సర్దుకోవడం. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో అందరూ ఆ చేతికి బలం ఎప్పుడొస్తుందా అనే ఎదురుచూశారు. కంచం ఎక్కడ పెట్టాలని ఎవరూ అడగలేదు. కొత్త కీలు దొరికేదాకా రోబోని పక్కన పడేసి ఉంటే, ఆ ప్రశ్న ఇంకెన్నాళ్లకి వచ్చేదో!

‘ఏ ఫిట్టర్‌రా?’

రోబోకి పేరు పెట్టాలి కదా. సినిమాల్లోవీ, కార్టూన్లలోవీ చాలా పేర్లు అనుకుని, ఆఖరికి ‘ఫిట్టర్’ అని పెట్టాడు మనవడు. నిజానికి అదేం అందగాడు కాదు. ఎర్రముక్కలు చాలక ఛాతీలో ఒకచోట ఆకుపచ్చ ముక్క పడింది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. అట్టపెట్టె మీదున్న రోబో పక్కన పెడితే పేదింటి చుట్టంలా ఉంటుంది. అయినా పుస్తకం చూసి కట్టిన రోబోలన్నిటినీ నాలుగోరోజుకే విప్పేసిన పిల్లాడు దీన్ని విప్పనన్నాడు.

పెళ్లికి అందరూ వెళ్లారు. తాతయ్య కూడా. పంక్తిలో చివరి కుర్చీ అడిగి తీసుకున్నాడు. విస్తరి కింద పెట్టుకోవడానికి ఇంటినుంచి పీట సంచీలో వెళ్లింది. ఎవరో ఒకరిద్దరు వింతగా చూశారు. ‘మిల్లు సెట్టింగు’ అని నవ్వేశాడాయన. బూరె సగం తిన్నాడు, సగం కిందపడింది. పక్కనున్న పెద్దాయన అదేమీ పట్టించుకోకుండా ఆ యేటి చెరుకు ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

సెలవులు అయిపోయాయి. బయల్దేరేముందు మనవడు ముక్కలన్నీ సంచీలో ఎత్తుకుని, ఫిట్టర్‌ని మాత్రం వసారా కిటికీలో నిలబెట్టాడు. ‘ఇది నీ దగ్గరే ఉంచుకో తాతయ్యా. రోజూ చెయ్యి ఎత్తి దించు. లేకపోతే బిగుసుకుపోతుంది’ అని మరీ మరీ చెప్పాడు.

వారం తర్వాత హైదరాబాద్ నుంచి ఫోను.

‘తాతయ్యా, ఫిట్టర్ ఎలా ఉన్నాడు? చెయ్యి జారిపోతోందా?’

తాతయ్య ఫోను కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. మోచెయ్యి కుర్చీ పిడి మీద ఆని ఉంది.

‘ఏ ఫిట్టర్‌రా?’ అన్నాడు నవ్వుతూ.